పర్సు మీద పేరు ఎన్నాళ్లుంటుంది?

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా పూర్తిచేశాడు. పర్సులు, బెల్టుల మీద లేజర్‌తో పేర్లు చెక్కే యంత్రం కొనిపెట్టమంటున్నాడు. నాలుగు నెలలకే పేర్లు చెరిగిపోతే కొన్నవాళ్లు ఇంటిమీదికి రారా? ఇది నమ్ముకోదగిన పనేనా? – ఒక తల్లి, పటమట, విజయవాడ

జవాబు: మీ అబ్బాయి అడగవలసిన ప్రశ్న మీరు అడిగారమ్మా.

లేజర్ రంగు పూయదు. 10.6 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉండే కార్బన్ డయాక్సైడ్ లేజర్ కిరణాన్ని తోలు పీల్చుకుంటుంది. పై పొర అక్కడికక్కడే కాలి ఆవిరైపోతుంది. మిగిలేది గాడి. గాడి పెచ్చులూడదు కదా! మంచి తోలు మీద చెక్కిన పేరు ఇంచుమించు పర్సు ఉన్నన్నాళ్లూ ఉంటుంది.

చిక్కంతా ఆ ‘మంచి తోలు’ దగ్గరే. తంగేడు చెక్క, కరక్కాయ వంటివాటితో పదును చేసిన తోలు మీద అక్షరం ముదురు గోధుమరంగులో స్పష్టంగా పడుతుంది. అయితే ఆ తోలు చేతి జిడ్డుకూ ఎండకూ ఏటేటా ముదురుతుంది కాబట్టి, అక్షరం చెరగకపోయినా చుట్టూ ఉన్న రంగులో కలిసిపోతుంది. పైన దళసరిగా ప్లాస్టిక్ పూత వేసిన చౌక తోలైతే, చెక్కడం పూత దగ్గరే ఆగిపోవచ్చు. పూత లేచిన రోజున పేరూ లేచిపోతుంది. మీరు భయపడుతున్న తగాదాలు ఇక్కడ మొదలవుతాయి. మడత మీద లోతుగా చెక్కినా అంతే, తోలు అక్కడే పగులుతుంది. చెక్కాక మిగిలే మసిని తడిగుడ్డతో తుడవకపోతే అది కొన్నవారి తెల్లచొక్కాకు అంటుకుంటుంది.

రెక్సిన్ సంగతి వేరు. అందులో చాలావరకు పీవీసీ ఉంటుంది. దాని మీద లేజర్ పడితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. ఊపిరితిత్తులకు హాని, యంత్రానికి తుప్పు. ఆరుబయట రాగితీగను ఎర్రగా కాల్చి, రెక్సిన్ ముక్కకు తాకించి, తీగను మళ్లీ మంటలో పెట్టమనండి. మంట ఆకుపచ్చగా మారితే పీవీసీ ఉందని అనుమానించాలి, ఆ ముక్క యంత్రంలోకి పోకూడదు. ఈ పరీక్ష తెలియనివారికి యంత్రం అమ్మకూడదని నా అభిప్రాయం. అమ్మేవారు నా మాట వినరనుకోండి.

పర్సుల మీద పేర్లే నమ్ముకుంటే ఇల్లు గడవడం కష్టం. చెక్క, యాక్రిలిక్ పనులు కూడా పట్టాలి. డిప్లొమా అక్కరకొచ్చేది ఇక్కడే: యంత్రంలోని అద్దాలు సరిచేయడం, కటకం (లెన్సు) శుభ్రం చేయడం, మే నెల బెజవాడ ఎండలో లేజర్ గొట్టాన్ని చల్లగా ఉంచడం. ముందు షీల్డులు, బోర్డులు చేసే దుకాణంలో ఆరు నెలలు పనిచేయనివ్వండి. తోలు గురించి పద్ధతిగా నేర్చుకోవాలంటే చెన్నై అడయార్‌లో 1948 నుంచి ఉన్న కేంద్ర తోలు పరిశోధన సంస్థ శిక్షణ తరగతుల గురించి వాకబు చేయమనండి.

అప్పు విషయానికొస్తే, ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో పట్టణ యూనిట్ల ఖర్చులో సాధారణ వర్గాలకు 15 శాతం, మహిళలు, బీసీ, ఎస్సీ, ఎస్టీ తదితరులకు 25 శాతం రాయితీ ఉంది. అది కొత్త యూనిట్లకే. తొందరపడి యంత్రం కొని పని మొదలుపెట్టేస్తే ఆ దారి మూసుకుపోతుంది.

ఈలోగా మూడు రకాల తోలు ముక్కల మీద ఎక్కడైనా డబ్బిచ్చి పేరు చెక్కించి, దసరా దాకా ప్యాంటు వెనుక జేబులో పెట్టుకు తిరగమనండి. ఒకటి మీవారి జేబులోనూ వేయండి. చెమట ఎక్కువ పట్టే మనిషైతే మరీ మంచిది.