నేపాల్‌లో ఏడు నెలలు పనిచేస్తే ఎన్నారై అయిపోతామా?

మీరు అడిగింది ఇదీ: 2024 అక్టోబరు 10న నేపాల్‌లో ఉద్యోగానికి వెళ్లి, 2025 మే 20న తిరిగొచ్చేశారు. అక్కడ ఉన్నది 182 రోజులు దాటింది కాబట్టి ఎన్నారై కిందే లెక్క, ఆ జీతం ఇక్కడ చూపించక్కర్లేదు అని స్నేహితుడు చెప్పాడు. నిజమేనా?

నిజం కాదండీ. మీరు రెండేళ్లకీ ఇక్కడ రెసిడెంటే.

అక్కడ ఎన్ని రోజులున్నారన్నది మన ఇన్‌కమ్ టాక్స్ వాళ్లకి అనవసరం. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 లోపల ఇండియాలో ఎన్ని రోజులున్నారన్నదే చూస్తారు, 182 ఉంటే రెసిడెంటే. మీరు వెళ్లేనాటికే ఆ ఏడాదిలో ఇక్కడ 193 రోజులు గడిచిపోయాయి. అసలు ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 29 దాకా ఇక్కడుంటేనే 182 నిండిపోతాయి, ఆ తర్వాత విమానం ఎక్కినా బస్సెక్కినా ఆ ఏడాదికి ఒకటే. ఇక తర్వాతి ఏడాది మే 20 నుంచి మార్చి 31 దాకా లెక్కేస్తే 316 రోజులు. మీ ఏడు నెలలు రెండు ఆర్థిక సంవత్సరాల మీద పరుచుకున్నాయి, అందుకే ఏ ఏడాదికీ కలిసిరాలేదు.

60 రోజుల నిబంధన ఒకటి ఉందని ఎవరైనా భయపెడితే టెన్షన్ పడకండి. ఆ ఏడాదిలో 60 రోజులు, అంతకుముందు నాలుగేళ్లలో 365 రోజులు ఇక్కడుంటే రెసిడెంట్ అన్నది నిజమే. కానీ ఉద్యోగం కోసం దేశం దాటిన ఏడాదికి భారతీయ పౌరులకి ఆ 60 కాస్తా 182 అవుతుంది.

ఇదంతా నాకు తెలిసింది ఒక్క రోజు తేడాతో దెబ్బ తిన్నాక. నేపాల్‌లోని చితవన్‌లో కోళ్లఫారాలు ఎక్కువ, అక్కడి ఒక దాణా మిల్లులో మెయింటెనెన్స్ పనికి 2022 జూలై 25న వెళ్లాను. దసరాకి అక్కడ ఊరంతా మూసేస్తారు, నేనూ అక్టోబరు 1 నుంచి 12 దాకా ఇంటికొచ్చాను. సంక్రాంతికి జనవరి 10 నుంచి 21 దాకా. పని అయిపోయి 2023 ఫిబ్రవరి 18న, శివరాత్రి రోజు సాయంత్రం, నేపాల్ సరిహద్దు ఊరు బీర్‌గంజ్‌లో శంకరాచార్య ద్వారం దాటి, ఇవతల మన రక్సౌల్ వచ్చేశాను. రైలు మర్నాడు. రాత్రి బీర్‌గంజ్‌లో పడుకుని పొద్దున్నే వద్దామా అనుకున్నాను కూడా. రక్సౌల్‌లో లాడ్జి చవకని ఇటే వచ్చేశా.

నా లెక్కలో ఇండియాలో ఉన్నవి 176 రోజులు. రిటర్న్ వేసిపెట్టిన కుర్రాడు అదే నమ్మి నాన్-రెసిడెంట్ అని పెట్టేశాడు. తర్వాత మా బావగారు పంపిన ఆడిటర్ గారు కాగితం మీద మళ్లీ రాశారు: 116, 12, 12, 42. మొత్తం 182. నేను వెళ్లిన రోజునీ వచ్చిన రోజునీ వదిలేశాను, ఆయన రెండూ కలిపారు. వచ్చిన రోజుని తీసేయవచ్చన్న ట్రిబ్యునల్ తీర్పులు ఉన్నాయట, కానీ దాన్ని పట్టుకుని కొట్లాడే ఓపిక నాకు లేదు. పైగా చట్టంలో ఉన్నది 182 దాటితే అని కాదు, 182 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అని. బీర్‌గంజ్‌లో ఆ రాత్రి పడుకుని ఉంటే 181. ఇప్పటికీ మా ఆవిడ ఆ లాడ్జి అద్దె ఎంతో అడిగి మరీ నవ్వుతుంది.

తేదీలకి రుజువు ఇంకో తలనొప్పి. మనవాళ్లు రోడ్డు మీద నేపాల్ వెళ్తే స్టాంపు వేయరు. విమానంలో కూడా ఓటరు కార్డుతో వెళ్లొచ్చు, అప్పుడు స్టాంపు వేయడానికి పుస్తకమే ఉండదు. నేను రైలు టికెట్లు, మిల్లు హాజరు పట్టీ, లాడ్జి రసీదు జోడించి ఫైలు చేసుకున్నాను. మీకు తేడా కనీసం పదకొండు రోజులుంది కాబట్టి దీనికి అంతగా బెంగపడక్కర్లేదు.

రెసిడెంట్ అయ్యాక అక్కడి జీతం ఇక్కడ చూపించాలి, కానీ రెండుసార్లు పన్ను కట్టనక్కర్లేదు. నేపాల్‌తో 2011లో మనకి ఒప్పందం కుదిరింది. అక్కడ కట్టిన పన్నుకి ఇక్కడ క్రెడిట్ ఇస్తారు, అక్కడి పన్నూ ఆ జీతం మీద ఇక్కడ పడే పన్నూ చూసి ఏది తక్కువైతే అంత. దానికి ఫారం 67 ఆన్‌లైన్లో పెట్టాలి. నేను డిసెంబరులో రివైజ్డ్ రిటర్న్ వేసి, ఫారం పెట్టి, తేడా సొమ్ము వడ్డీతో కట్టాను.

నేపాల్ లెక్కలో కూడా, 365 రోజుల్లో 183 రోజులు అక్కడుంటే రెసిడెంటే. ఇద్దరూ మావాడే అంటే ఒప్పందం ముందు శాశ్వత నివాసం ఎక్కడని అడుగుతుంది, తర్వాత కుటుంబం, ఆస్తిపాస్తులు ఎటున్నాయని. నాకక్కడ ఉన్నది మిల్లు వెనక ఒక గది, ఒక మంచం. ఆడిటర్ గారు ఆ ప్రశ్న అడగను కూడా అడగలేదు.

మీరు ముందు చేయాల్సింది, అక్కడి కంపెనీకి ఫోన్ చేసి నెలవారీగా జీతం, కోసిన పన్ను రాయించిన కాగితం అడగడం. నెలవారీ అని ఎందుకంటున్నానంటే, వాళ్ల ఏడాది జూలై మధ్య నుంచి జూలై మధ్య దాకా. మీ ఏడు నెలలూ వాళ్లకి ఒకే ఏడాది, మనకి రెండు. మొత్తం ఒకే అంకె ఇస్తే మార్చి దాకా ఎంత, ఆ తర్వాత ఎంత అని విడదీయలేక తల పట్టుకుంటారు. తేదీలు కూడా మన క్యాలెండర్లో వేయమనండి. నా కాగితం మీద వాళ్ల క్యాలెండర్ ప్రకారం 2079 అని ఉంటే ఆడిటర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

రిటర్న్ ఐటీఆర్-1 లో వేయకండి, విదేశీ ఆదాయం, విదేశీ ఖాతా ఉన్నవాళ్లకి అది కుదరదు, ఐటీఆర్-2 కావాలి. అక్కడ జీతం పడిన బ్యాంకు ఖాతా విదేశీ ఆస్తుల పట్టికలో రాయాలి, అందులో రెండు వేలే మిగిలి ఉన్నా సరే. ఆ పట్టిక మాత్రం జనవరి నుంచి డిసెంబరు లెక్కన అడుగుతుంది, చూసుకోండి. ఖాతా ఇంకా మూయలేదా?