పాఠకుల ప్రశ్నలు – జవాబులు: రాష్ట్రం మారితే బడి ఎంత మారుతుంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చదువుల గురించినవే ఎక్కువ. వాటిలోనూ అధికభాగం ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి వెళ్లిన, లేదా వెళ్లబోతున్న కుటుంబాలు రాసినవి కాబట్టి ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయించాము.

ప్రశ్న: మావారికి బెంగళూరులో ఒక ప్రైవేటు సంస్థలో ఉద్యోగం వచ్చింది. మా అమ్మాయి ఈ ఏడాది ఎనిమిదో తరగతి పూర్తి చేస్తుంది. ఒకటో తరగతి నుంచి గుంటూరులోనే రాష్ట్ర సిలబస్‌లో చదివింది. తొమ్మిది, పది అక్కడ చదివించి, ఇంటర్‌కు మళ్లీ ఇక్కడికి తీసుకురావాలని మా ఆలోచన. తనకు డాక్టరు కావాలని కోరిక. రెండు రాష్ట్రాల చదువుకూ తేడా ఎంత? పిల్లను తన దగ్గరే ఉంచి వెళ్లమని మా అత్తగారు పట్టుబడుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, మీ దిగులంతా పాఠాల గురించే అని ఉత్తరం చూస్తే తెలుస్తోంది. నా లెక్కలో అది చిన్న సమస్య కాబట్టి ముందు దాన్ని తేల్చేస్తాను. గణితం, సైన్సుల్లో రెండు రాష్ట్రాలూ ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యాంశాలకు దగ్గరగానే నడుస్తున్నాయి. పదో తరగతి పరీక్షకు మన దగ్గర 600 మార్కులైతే అక్కడ 625. మొదటి భాషకు వంద కాకుండా 125 మార్కులు ఇవ్వడం వల్ల వచ్చిన తేడా అది. ఆ మొదటి భాషగా తెలుగును తీసుకునే వీలు కర్ణాటక బోర్డులో ఉందన్న సంగతి బెంగళూరులో ఏళ్ల తరబడి ఉంటున్న మనవాళ్లలో చాలామందికి తెలియదు. అయితే తెలుగు చెప్పే ఉపాధ్యాయులు మీరు చేర్చబోయే బడిలో ఉండాలి కదా, ఆ చిక్కు ఉండనే ఉంది. మొదటి భాషగానో రెండో భాషగానో కన్నడం తప్పనిసరిగా ఉండాలని 2015 నాటి అక్కడి చట్టం చెబుతుంది. మధ్యలో వచ్చి చేరిన పిల్లలకు ఏ వెసులుబాటు ఇస్తారో ఫీజు కట్టకముందే అడిగి తెలుసుకోండి. లిపి గురించి మాత్రం బెంగపడనక్కరలేదు. కన్నడ అక్షరాలకూ మన అక్షరాలకూ తలకట్టు దగ్గరే ఎక్కువ తేడా కనుక, తెలుగు బాగా చదివే పిల్ల కొద్దివారాల్లోనే బస్సు బోర్డులు కూడబలుక్కుని చదివేస్తుంది.

అసలు చిక్కు ఏడేళ్ల, నాలుగేళ్ల లెక్కల దగ్గర ఉంది. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం మన ఉన్నత విద్యా ప్రవేశాల్లో 85 శాతం సీట్లు స్థానిక అభ్యర్థులవి. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగు విద్యాసంవత్సరాలు ఆ స్థానిక ప్రాంతంలో (గుంటూరుకు అది ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిధి) చదివినవారే స్థానికులు. వైద్యవిద్యకు ఇంటరే అర్హత పరీక్ష కాబట్టి తొమ్మిది, పది, ఇంటర్ మొదటి ఏడాది, రెండో ఏడాది లెక్కలోకి వస్తాయి. మీ అమ్మాయి మొదటి రెండూ బెంగళూరులో చదివితే, ఒకటి నుంచి ఎనిమిది దాకా గుంటూరులోనే చదివినా, ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిధిలో తాను స్థానికురాలు కాదు. రాష్ట్రంలో వరుసగా ఏడేళ్లు చదివినవారికి మరో దారి ఉన్నా, ఆ ఏడేళ్లు కూడా అర్హత పరీక్షతోనే ముగియాలి కాబట్టి అదీ తెగిపోతుంది.

పోనీ, తిరిగి రాకుండా ఇంటర్ కూడా అక్కడే చదివిద్దాం అనుకుంటారేమో. కర్ణాటకలో ప్రభుత్వ కోటా సీటుకు ప్రధానమైన అర్హత, ఒకటో తరగతి నుంచి రెండో పీయూసీ (మన ఇంటర్ రెండో ఏడాది) లోపల కనీసం ఏడేళ్లు ఆ రాష్ట్రంలో చదివి ఉండడం. మీ అమ్మాయికి అక్కడ అయ్యేది నాలుగేళ్లే. తల్లిదండ్రుల్లో ఎవరైనా ఆ రాష్ట్రంలో చదివి ఉంటే, లేదా కొన్ని రకాల ప్రభుత్వోద్యోగాల్లో ఉంటే వేరే నిబంధనలు ఉన్నాయి గాని, మీరు రాసినదాన్ని బట్టి అవి మీకు వర్తించేలా లేవు. ఏడేళ్ల లెక్క అక్కడ, నాలుగేళ్ల లెక్క ఇక్కడ. ఈ రెండింటి మధ్య పడిన పిల్ల, పాఠం ఒక్కటి కూడా వెనకబడకుండానే, రెండుచోట్లా పరాయిది అవుతుంది. రాష్ట్రాల విద్యావిధానాల మధ్య తేడా అనగానే అందరూ పుస్తకాలు తిరగేస్తారు. నన్నడిగితే ముందు తిరగేయవలసింది ప్రవేశాల ప్రాస్పెక్టస్‌.

మీకు పూర్తిగా దారి మూసుకుపోలేదు. మిగిలిన 15 శాతం సీట్లకు, తల్లిదండ్రుల్లో ఒకరు రాష్ట్రంలో మొత్తం పదేళ్లు నివసించి ఉంటే వారి పిల్లలు పోటీ పడవచ్చు. ప్రభుత్వ వైద్య కళాశాలల్లో అఖిల భారత కోటాకు ఈ స్థానికత లెక్కే లేదు. అయితే ఆ రెండుచోట్లా పోటీ ఎక్కువ. అలాగని పదమూడేళ్ల పిల్లకు ఇవాళ ఉన్న కోరిక కోసం తనను తల్లిదండ్రుల నుంచి నాలుగేళ్లు విడదీయమని నేను చెప్పలేను. మీ అత్తగారి మాటలో మనవరాలి మీద ప్రేమతో పాటు, ఆవిడకు తెలియకుండానే, బలమైన లెక్క కూడా ఉందని మాత్రం ఒప్పుకోవాలి. మీవారు ముందు వెళ్లి, మీరిద్దరూ గుంటూరులోనే ఉండే వీలుంటే అది అన్నిటికన్నా మేలు. ఎలా నిర్ణయించుకున్నా, ఇప్పటిదాకా చదివిన ప్రతి తరగతికీ స్టడీ సర్టిఫికెట్లు ఊరు వదలకముందే తీసుకోండి. టీసీ మీద జిల్లా విద్యాధికారి (డీఈవో) సంతకం అక్కడి బడి అడుగుతుందేమో కనుక్కుని అదీ చేయించుకోండి. కౌన్సెలింగు ముందురోజు పాత బడి గుమ్మం దగ్గర హెడ్మాస్టరు కోసం కూర్చునే తల్లిదండ్రులను ఏటా చూస్తూనే ఉన్నాం.

హైదరాబాదు పాఠకులకు ఒక మాట. తెలంగాణ ప్రభుత్వం 2024లో వైద్యవిద్య ప్రవేశాలకు తొమ్మిది నుంచి పన్నెండు దాకా రాష్ట్రంలోనే చదివి ఉండాలని నిబంధన పెట్టింది, దాన్ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో సమర్థించింది. విజయవాడ హాస్టళ్లలో ఇంటర్ చదివించడం హైదరాబాదు, ఖమ్మం, నల్లగొండ కుటుంబాల్లో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ఆ అలవాటుకు ఇప్పుడు పడే వెల వేరు. రాష్ట్రం బయట పనిచేసే కొన్ని వర్గాల ఉద్యోగుల పిల్లలకు మినహాయింపులు ఉన్నాయి కనుక, మీరు వాటిలోకి వస్తారో లేదో ఆ ఏటి ప్రాస్పెక్టస్‌లో చూసుకోండి.

ప్రశ్న: మా బావగారి పిల్లలు లక్నోలో ఉంటారు. వాళ్లబ్బాయి ఆరో తరగతి, కాని “ఇంటర్ కాలేజీ”లో చదువుతున్నానని చెబుతాడు. ఇదేం చోద్యం?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: అబ్బాయి అబద్ధమాడలేదు. ఉత్తరప్రదేశ్‌లో ఆరు నుంచి పన్నెండు దాకా తరగతులున్న బడిని ఇంటర్ కాలేజీ అంటారు. అక్కడ పదో తరగతి పరీక్ష పేరు హైస్కూలు, పన్నెండో తరగతి పరీక్ష పేరు ఇంటర్మీడియట్. ఆ రాష్ట్రపు బోర్డు 1921లో ఏర్పడినది, ఆ పేర్లు అప్పటినుంచి అలాగే నిలిచిపోయాయి.

పది తరగతుల తరువాత రెండేళ్లు, ఆపైన మూడేళ్ల డిగ్రీ అన్న చట్రాన్ని 1964–66లో కొఠారి కమిషన్ సూచించింది. చట్రం దేశమంతటా దాదాపు ఒకటే అయినా, ఆ మధ్యనున్న రెండేళ్లు ఎవరి ఇంట్లో ఉండాలన్నది మాత్రం ఒక్కో రాష్ట్రం ఒక్కోలా తేల్చుకుంది. మనం వాటిని బడి నుంచి విడదీసి, 1971 చట్టంతో ఇంటర్మీడియట్ బోర్డును వేరుగా పెట్టి, జూనియర్ కళాశాలలకు అప్పగించాము. తమిళనాడు ప్లస్‌టూను బడిలోనే ఉంచింది. కేరళ చాలాకాలం ప్రీడిగ్రీ పేరుతో కాలేజీల్లో నడిపి, 2000 ప్రాంతంలో బడులకు మార్చింది. బిహారులో డిగ్రీ కళాశాలల్లో ఇంటర్ చెప్పడం 2024లో ఆగింది. కర్ణాటకలో అదే చదువుకు పీయూసీ అని పేరు.

పేర్లతో ఏముంది అనిపించవచ్చు గాని, తేడా పిల్లవాడి రోజువారీ బతుకులో కనిపిస్తుంది. తమిళనాట ప్లస్‌వన్ చేరిన పిల్ల అదే బడిలో, తనను ఆరో తరగతి నుంచి ఎరిగిన టీచర్ల ముందే కూర్చుంటుంది. మన పిల్లవాడు పదో తరగతి ఫలితాలు రాకముందే కొత్త ఊళ్లో, కొత్త హాస్టల్లో, ఒక్క ముఖమూ తెలియని సెక్షనులో పడతాడు. కార్పొరేటు కాలేజీలు ఇక్కడ వేళ్లూనుకున్నంతగా తమిళనాట వేళ్లూనకపోవడానికి, ఆ రెండేళ్లు బడిలోనే ఉండిపోవడం ఒక కారణమని నా అభిప్రాయం. అక్కడ ఇంజనీరింగు సీట్లను ప్రవేశపరీక్ష లేకుండా ప్లస్‌టూ మార్కులతోనే ఇవ్వడం రెండో కారణం కావచ్చు.

ప్రశ్న: మేము తరతరాలుగా హోసూరు ప్రాంతంలో ఉంటున్న తెలుగువాళ్లం. మా చిన్నతనంలో తెలుగు మొదటి భాషగా పరీక్ష రాశాము. మా పిల్లలు తమిళం తప్పనిసరిగా రాయవలసి వస్తోంది. ఇది న్యాయమేనా?
– ఒక పాఠకురాలు, హోసూరు

జవాబు: మీ బాధ అర్థమవుతోంది. తమిళనాడు 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం చేసి, ఒకటో తరగతి నుంచి ఏటా ఒక్కో తరగతి చొప్పున పెంచుతూ వచ్చింది. ఆ పిల్లలు పదో తరగతికి చేరిన 2015–16లో గాని మీ ప్రాంతంలో దాని బరువు పూర్తిగా తెలియలేదు. భాషాపరమైన అల్పసంఖ్యాకులు కోర్టులకు వెళ్లి ఎప్పటికప్పుడు మినహాయింపులు తెచ్చుకుంటున్నారు. ఈ ఏడాదికి మీ పిల్లలకు అది వర్తిస్తుందా అన్నది, పరీక్ష ఫీజు కట్టే సమయానికి ముందే మీ బడిలో రాతపూర్వకంగా అడగండి. తమిళనాడు పాఠ్యపుస్తక సంస్థ తెలుగు పుస్తకాలను ఇప్పటికీ అచ్చువేస్తోంది. కాబట్టి పుస్తకం లేదన్న సాకుతో ఏ బడీ తెలుగును తీసేయనక్కరలేదు.

న్యాయమేనా అని అడిగారు. జవాబు చెప్పేముందు మన ఇల్లు కూడా చూసుకోవాలి. తెలంగాణ 2018లో ఇలాంటి చట్టమే చేసి, సీబీఎస్‌ఈతో సహా అన్ని బోర్డుల బడుల్లోనూ తెలుగును తప్పనిసరి చేసింది. హైదరాబాదులో స్థిరపడిన తమిళ, మరాఠీ కుటుంబాలు మీలాగే ఉత్తరాలు రాస్తే మనం ఏం చెబుతాం? వలస వచ్చిన పిల్లవాడు ఆ ఊరి భాష కొంత నేర్చుకోవడం మంచిదే. కాని మీది వలస కాదు. తాతముత్తాతల నాటినుంచి అక్కడే ఉన్నవారి ఇంటి భాషను రెండో వరుసలోకి నెట్టడం నాకు సమ్మతం కాదు, అది ఏ రాష్ట్రం చేసినా సరే. సీబీఎస్‌ఈ బడి అయితే మరో విచిత్రం: అక్కడి విషయాల జాబితాలో ఆంధ్రప్రదేశ్ తెలుగు ఒకటి, తెలంగాణ తెలుగు మరొకటి విడివిడిగా ఉంటాయి. ఏది ఎంచుకోవాలో హోసూరు పిల్లకు ఎవరు చెబుతారో!

ప్రశ్న: దేశమంతటికీ ఒకే సిలబస్, ఒకే బోర్డు పెడితే ఈ గొడవలన్నీ పోతాయి కదా? విద్యను రాష్ట్రాలకు ఎందుకు వదిలేశారు?
– విశ్రాంత ఉద్యోగి, కరీంనగర్

జవాబు: పూర్తిగా వదల్లేదండీ. మొదట రాష్ట్రాల జాబితాలో ఉన్న విద్యను 1976లో 42వ రాజ్యాంగ సవరణ ఉమ్మడి జాబితాలోకి తెచ్చింది. అందుకే విద్యాహక్కు చట్టం 2009లో పార్లమెంటు చేయగలిగింది. ఆ చట్టానికి 2019లో జరిగిన సవరణ, ఐదు, ఎనిమిది తరగతుల్లో తప్పిన పిల్లలను అదే తరగతిలో ఆపాలా వద్దా అన్నది మళ్లీ ప్రభుత్వాలకే విడిచిపెట్టింది. ఆ వెసులుబాటుతో కేంద్రం తన బడుల్లో 2024 డిసెంబరులో ఆపే పద్ధతికి మారగా, తమిళనాడు ఎవరినీ ఆపేది లేదని ప్రకటించింది.

ఒకే బోర్డు సంగతికి వస్తే, మన కళ్ల ముందే ఒక చిన్న ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్ వెయ్యి ప్రభుత్వ బడులను సీబీఎస్‌ఈకి అనుబంధించి, 2022–23లో ఎనిమిదో తరగతితో మొదలుపెట్టింది. ఆ పిల్లలు పదో తరగతికి వచ్చేసరికి ప్రభుత్వం మారింది. వాళ్లు ఆ పరీక్షకు సిద్ధంగా లేరన్న అంచనాతో 2024లో వాళ్లను రాష్ట్ర బోర్డు పరీక్షకే మళ్లించారు. రెండేళ్లపాటు ఒక తరహా ప్రశ్నలకు అలవాటుపడి, మూడో ఏట మరో తరహా ప్రశ్నపత్రం ముందు కూర్చున్న ఆ పిల్లలను తలుచుకుంటే, బోర్డు పేరు మార్చడం తేలిక, టీచరుకు తర్ఫీదు ఇవ్వడం కష్టం అన్నది తెలుస్తుంది. ఒకే సిలబస్ వచ్చినా, పైన గుంటూరు తల్లి రాసిన చిక్కు ఒక్క వెంట్రుకవాసి కూడా తగ్గదు, ఎందుకంటే అది సీట్ల పంపకానికి సంబంధించినది.

ప్రశ్న: మా అమ్మాయి కుటుంబం సిమ్లాలో ఉంటోంది. వేసవి సెలవులకు పిల్లలను పంపమంటే బడి ఉందంటుంది. నిజమేనా, తప్పించుకుంటోందా?
– ఒక అమ్మమ్మ, నంద్యాల

జవాబు: నిజమేనమ్మా. హిమాచల్‌లో బడులు రెండు రకాలు: మంచు ప్రాంతాల్లో చలికాలం మూతపడేవి, దిగువ ప్రాంతాల్లో ఎండాకాలం మూతపడేవి. సిమ్లా మొదటి రకం. అక్కడ పెద్ద సెలవులు జనవరిలో మొదలవుతాయి. కశ్మీరులో విద్యాసంవత్సరాన్ని 2022లో మార్చికి మార్చి, 2024లో తిరిగి నవంబరు వైపు తెచ్చుకున్నారు. కేరళలో జూన్‌లో బడి తెరవగానే వానలు ముంచెత్తుతున్నాయని, సెలవులను జూన్, జూలైలకు మార్చుకుందామా అన్న చర్చను 2025లో అక్కడి విద్యాశాఖ మంత్రి శివన్‌కుట్టి స్వయంగా లేవదీశారు. మీ మనవలు మామిడిపళ్ల వేళకు రాలేకపోవచ్చు గాని, సంక్రాంతికి భోగిపళ్ల దగ్గర నుంచి ఉండగలరు. రైలు టికెట్లు రెండు నెలల ముందే చేయించుకోమని చెప్పండి.