రాత్రి మాత్ర, తెల్లవారుజాము కలలు

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 54 ఏళ్లు. షుగరుకి చాలా ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. అరికాళ్లు తిమ్మిరెక్కుతుంటే మందుల షాపులో నరాల విటమిన్ అని ఒక మాత్ర ఇచ్చారు. రాత్రి భోంచేశాక వేసుకుంటున్నా. అప్పట్నుంచీ మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. పోయిన మా అమ్మ కలలో కనిపిస్తోంది. పొద్దున లేచాక కూడా ఆవిడ అన్న ప్రతి మాటా గుర్తుంటోంది. ఇదంతా ఆ మాత్ర వల్లేనా?
- ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: కావచ్చమ్మా. ఆ స్ట్రిప్ వెనక పిరిడాక్సిన్ ఎన్ని మిల్లీగ్రాములుందో చూడండి. బి6 అంటే అదే. ఒంటికి రోజుకి కావలసింది సుమారు 2 మిల్లీగ్రాములు. నరాలకని అమ్మే కొన్ని మాత్రల్లో 100 దాకా ఉంటుంది.

ఆస్ట్రేలియాలోని అడిలైడ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో దీనిమీదే ఒక అధ్యయనం ప్రచురించారు. పడుకునే ముందు 240 మిల్లీగ్రాముల బి6 వరసగా 5 రోజులు ఇస్తే, కలలు ఎక్కువగా గుర్తున్నాయి. కలల్లో వింతలు మాత్రం పెరగలేదు. బి కాంప్లెక్స్ వేసుకున్నవాళ్లయితే నిద్ర సరిగా పట్టలేదనీ, లేచేసరికి అలసటగా ఉందనీ చెప్పారు. అయినా కల నడుమ మెలకువ వస్తే ఎవరికైనా అది గుర్తుంటుంది. మీ అమ్మగారు అంతకుముందూ కలలోకి వచ్చే ఉంటారు, మీకు తెల్లారేసరికి గుర్తుండి ఉండదు. ఆ కలను జబ్బు అనుకోకండి, భయపడకండి.

నా బెంగంతా మీ కాళ్ల గురించే. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే కొందరిలో బి12 తగ్గుతుంది, దానివల్ల తిమ్మిర్లు వస్తాయి. షుగరు వల్లా వస్తాయి. ఇక బి6 పెద్ద మోతాదులో నెలల తరబడి వాడితే, అదే నరాలను దెబ్బతీసి తిమ్మిర్లు తెప్పిస్తుంది! తిమ్మిరి అనగానే రక్తపరీక్ష లేకుండా మాత్ర చేతిలో పెట్టడం నాకు బొత్తిగా నచ్చదు.

స్ట్రిప్ మీద బి6 పదుల మిల్లీగ్రాముల్లో ఉంటే ఆ మాత్ర ఆపేయండి. 2, 3 మిల్లీగ్రాములే అయితే పొద్దున టిఫిన్ తిన్నాక వేసుకోండి. మెట్‌ఫార్మిన్ మాత్రం సొంతంగా ఆపొద్దు. బి12, హెచ్‌బిఎ1సి (గత రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పేది) పరీక్షలు చేయించుకోండి. బి6 శనగల్లో, అరటిపండులో, ఆలుగడ్డలో దొరుకుతుంది. బి12 కావాలంటే పాలు, పెరుగు, గుడ్లు, చేపలు తినాలి. మూడింటికి లేచేది మూత్రం కోసమేమో కూడా గమనించండి. అదే అయితే షుగరు అదుపులో లేదేమో, మీ డాక్టరుకి ఆ సంగతే ముందు చెప్పండి.