'ఇన్' దగ్గర జాగ్రత్త, బిడ్డా

చి. మాధవికి పెద్దమ్మ ఆశీస్సులు.

చిక్కడపల్లిలో గ్రూప్స్‌కి చదివే పిల్లలకు ఇంగ్లిష్ వొకాబులరీ చెప్పబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషమో! కంగారు కూడా పుట్టింది. లాటిన్ ప్రిఫిక్సులన్నీ, అంటే మాటల ముందు చేరే ముక్కలన్నీ, ఒక్క కాగితం మీద జాబితా రాసి, జిరాక్స్ తీయించి పంచుతావట. ఆ పని మాత్రం చేయకు.

ప్రీ అంటే ముందు, పోస్ట్ అంటే తరవాత, సబ్ అంటే కింద, ట్రాన్స్ అంటే అవతలికి. ఇవి బోర్డు మీద రాస్తే చాలు, పిల్లలు పట్టేసుకుంటారు.

చిక్కంతా 'ఇన్' దగ్గరే. 'ఇన్ అంటే కాదు' అని జాబితాలు ఒక్క ముక్కతో వదిలేస్తాయి. లాటిన్‌లో ఒకే రూపంతో రెండు వేర్వేరు 'ఇన్'లు ఉన్నాయి. ఇన్‌విజిబుల్‌లో ఉన్నది 'కాదు' అనేది. ఇన్‌హేల్, ఇంపోర్ట్‌లలో ఉన్నది 'లోపలికి' అనేది. పెట్రోల్ ట్యాంకర్ వెనక రాసే 'ఇన్‌ఫ్లేమబుల్' ఈ రెండో జాతిది. మంట పెట్టడం అనే లాటిన్ క్రియ 'ఇన్‌ఫ్లమారే' నుంచి వచ్చింది కాబట్టి ఇట్టే అంటుకునేదని అర్థం. జాబితా బట్టీపట్టిన పిల్లవాడు దాన్ని 'అంటుకోనిది' అని చదువుకుని పక్కనే అగ్గిపుల్ల గీస్తే? ఈ భయంతోనే అమెరికాలో అగ్నిప్రమాదాల నివారణ సంఘం 1920లలో 'ఫ్లేమబుల్' అనే పొట్టి మాట వాడమని ప్రచారం చేసింది. అంటుకోనిదైతే 'నాన్‌ఫ్లేమబుల్' అనాలి. ఇది మొదటి క్లాసులోనే చెప్పు, రెండోదాకా ఆగకు.

గుర్తుపట్టే దారి ఒకటుంది. చివరి 'ఏబుల్' తీసేసి, 'ఇన్'తో సహా క్రియ మిగులుతుందేమో చూడమను. 'ఇన్‌ఫ్లేమ్' మిగిలింది, అంటే 'కాదు' లేదు. 'ఇన్‌హ్యాబిట్' మిగిలింది, కాబట్టి 'ఇన్‌హ్యాబిటబుల్' నివాసయోగ్యమే. 'ఇన్‌వాల్యూ' అనే క్రియ లేదు, అక్కడున్నది 'కాదు'. అయినా ఇన్‌వాల్యుబుల్ విలువలేనిది కాదమ్మా, వెల కట్టలేనిది.

తరవాత అక్షరాల మార్పు. 'ఇన్' ఎల్ ముందు ఇల్లీగల్‌లోలా, ఆర్ ముందు ఇర్రెగ్యులర్‌లోలా, పి, బి, ఎమ్‌ల ముందు ఇంపాసిబుల్‌లోలా మారుతుంది. తెలుగు మీడియం పిల్లలు బెదురుతారేమో, వాళ్లకు ఉత్ + లాసం = ఉల్లాసం రాసి చూపించు. సంధి తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. అకామడేట్ స్పెల్లింగ్ కూడా ఇక్కడే తేలిపోతుంది. లాటిన్ ప్రిఫిక్సు 'యాడ్' తరవాత 'కామ్' అనే ఇంకో ప్రిఫిక్సు చేరింది, యాడ్‌లోని 'డి' కాస్తా 'సి' అయింది; కామ్ చివరి 'ఎమ్' పక్కన 'మోడ్'లోని 'ఎమ్' వచ్చింది. అందుకే రెండు సి, రెండు ఎమ్.

'యాంటీ' స్పెల్లింగ్ చివర ఇంగ్లిష్ 'e' ఉంటే (ante) లాటిన్, ముందు అని. 'i' ఉంటే (anti) గ్రీకు, వ్యతిరేకం. యాంటిసిపేట్ లాంటివి 'i'తో రాసినా లాటిన్ కుటుంబమే, విడిగా చెప్పు.

'ప్రీపోన్' పోస్ట్‌పోన్‌కి ఎదురుగా మనవాళ్లు ఎక్కువగా వాడే మాట. మాట్లాడేటప్పుడు వాడుకోనీ, పరీక్షలో మాత్రం 'అడ్వాన్స్' రాయమను.

పెద్దమ్మ