కొలువు మానేసి గూడేనికి పోవచ్చా?

ప్రశ్న: మాది హన్మకొండ. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, తొమ్మిదేళ్ల సర్వీసు. మంచి జీతం. అన్నీ మానేసి ములుగు జిల్లా తాడ్వాయి అడవిలోని గుత్తికోయ ఆదివాసుల గూడెంలో పిల్లలకు ఉచితంగా చదువు చెప్పాలని ఉంది. అమ్మ ‘ఇందుకేనా చదివించింది’ అంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: పొమ్మనే అంటానమ్మా, కానీ రేపే కాదు. మీరు ఈపీఎఫ్ పెన్షన్ పథకంలో ఉంటే, పదేళ్ల సర్వీసు నిండాక 58వ ఏట పెన్షన్‌కు అర్హత వస్తుంది. అలాగైతే ఆ ఒక్క ఏడాది ఓపిక పట్టండి. గ్రాట్యుటీకి ఐదేళ్లు చాలు, అది మీకు రావాల్సిందే, అడిగి తీసుకోండి. కంపెనీ ఆరోగ్య బీమా కొలువుతోపాటే పోతుంది కాబట్టి సొంత పాలసీ ముందే చూసుకోండి. (బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి, నాకు ముందు లెక్కలే గుర్తొస్తాయి.)

ఇక గూడెం సంగతి. ఆ పిల్లల ఇంటి భాష కోయ. ముందు మీరు నాలుగు మాటలు నేర్చుకోండి. ఎండాకాలం తునికాకు (బీడీలు చుట్టే ఆకు) సీజన్లో తెల్లారకముందే పిల్లలూ పెద్దల వెంట అడవికి పోతారు. పలకలు పెట్టుకుని ఎదురుచూస్తే ఎవరూ రారు. ఆకు కట్టలు కట్టేచోటికే వెళ్లండి. కట్టకు 50 ఆకులు, ఎక్కాలు అక్కడే చెప్పొచ్చు. వానాకాలం వాగు పొంగితే రాకపోకలు బంద్. రాజీనామాకు ముందు సెలవు పెట్టి ఆ రోజుల్లోనే ఉండి చూడండి.

అమ్మతో వాదన వద్దు. ఓసారి వెంట తీసుకెళ్లండి.