కళ్లజోడు ఉంటే వ్యోమగామి కాలేరా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. చైనా వాళ్లు మనుషుల్ని అంతరిక్షంలోకి పంపే షెంజౌ ప్రయోగాలు చూసి వ్యోమగామి అవుతానంటోంది. పైలట్లకే ఛాన్స్, కళ్లజోడు ఉంటే కుదరదని బంధువులు అంటున్నారు. చైనాలో చదివిస్తే ఏమైనా ఉపయోగమా?
- ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: చైనాలో కూడా మొన్నమొన్నటిదాకా మీ బంధువుల మాటే నిజం. 2003లో చైనా నుంచి మొదట అంతరిక్షంలోకి వెళ్లిన యాంగ్ లివెయ్ మొదలు అందరూ వైమానిక దళ పైలట్లే. 2023 మే 30న జియుచ్వాన్ ప్రయోగ కేంద్రం నుంచి లేచిన షెంజౌ-16తో ఆ లెక్క మారింది. కమాండర్ జింగ్ హైపెంగ్ పైలటే, అది ఆయనకు నాలుగో ప్రయాణం. వెంట వెళ్లిన గుయ్ హైచావ్ మాత్రం బీజింగ్‌లో బెయ్‌హాంగ్ యూనివర్సిటీ ప్రొఫెసర్. కళ్లజోడుతోనే చైనా వాళ్ల అంతరిక్ష స్టేషన్ టియాన్‌గాంగ్‌కు వెళ్లి, ఐదు నెలలు అక్కడి ప్రయోగాల పని చూశారు. 2020లో ఎంపికైన ఆ బ్యాచ్‌లో మొత్తం 18 మంది. ఏడుగురు పైలట్లు, ఏడుగురు ఫ్లైట్ ఇంజనీర్లు, నలుగురు ప్రయోగాలు చేసే నిపుణులు.

ఒక్కటి గమనించండి. గుయ్ పీహెచ్‌డీ చేశారు, కెనడాలో పోస్ట్ డాక్టరేట్ చేశారు, వచ్చి పాఠాలు చెప్పుకున్నారు. వ్యోమగామి ఎంపిక ఆ తర్వాతి మాట. ఆ పిలుపు రాకపోయినా ఆయన ప్రొఫెసరే కదా!

చైనాలో చదివించడం మాత్రం ఇందుకోసమైతే వద్దు. వాళ్ల వ్యోమగాములు వాళ్ల పౌరులే. పాకిస్తాన్ వ్యోమగాములకు శిక్షణ ఇచ్చి తీసుకెళ్లేందుకు 2025లో కుదిరింది కూడా ప్రభుత్వాల మధ్య ఒప్పందం, విడిగా అప్లై చేసుకునేది కాదు.

మన దగ్గర? మనుషుల్ని అంతరిక్షంలోకి పంపే ఇస్రో కార్యక్రమం గగన్‌యాన్‌కు ఎంపికైన నలుగురూ వైమానిక దళ టెస్ట్ పైలట్లే. 2025 జూన్‌లో అంతర్జాతీయ అంతరిక్ష స్టేషన్‌కు వెళ్లిన శుభాంశు శుక్లా వాళ్లలో ఒకరు. ఈ రోజుకైతే ఇక్కడ మీ బంధువులదే పైచేయి. అమ్మాయిలకు ఇప్పుడు సైనికాధికారుల శిక్షణ సంస్థ ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) తలుపులు తెరుచుకున్నాయి గానీ పైలట్లను తీసుకునే ఫ్లయింగ్ బ్రాంచికి కంటి నిబంధనలు కఠినం. అందుకని ముందు కంటి డాక్టర్‌తో పవర్ ఎంతో కాగితం మీద రాయించుకోండి, దాన్ని ఎన్‌డీఏ నోటిఫికేషన్‌లోని నిబంధనతో పోల్చి చూడండి. సరిపోకపోతే అక్కడితో ఆ దారి మరిచిపోవచ్చు.

రెండోది గుయ్ లాగా చదువు దారి, దీనికి కంటి పవర్‌తో పేచీ లేదు. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతో తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీలో ఏరోస్పేస్ గానీ ఏవియానిక్స్ (విమాన, అంతరిక్ష వాహనాల ఎలక్ట్రానిక్స్) గానీ చదవొచ్చు. రాకపోతే మంచి కాలేజీలో మెకానికల్, ఈసీఈ, సీఎస్‌ఈలలో ఏదైనా సరే. వాటితో ఇస్రో సైంటిస్ట్/ఇంజనీర్ పరీక్ష రాయొచ్చు. 'ఏరోస్పేస్' అని బోర్డు కనిపించగానే డొనేషన్ కట్టేయకండి. ర్యాంకు వచ్చాక మళ్లీ రాయండి, కాలేజీల పేర్లతో సహా మాట్లాడుకుందాం.