బస్తీ సంఘంతో కలిసి రేషన్ యాప్ చేయాలనుకునే విద్యార్థులకు మా అనుభవం

"డిజైన్ ఫైనలియర్ విద్యార్థులం. ఓ మహిళా సంఘంతో కలిసి బస్తీలో రేషను, కూరగాయలు సులువుగా అందేలా ఇంటరాక్టివ్‌గా ఏదైనా చేయాలి. యాప్ చేయమంటారా, ఇంకేమైనానా? ప్రాజెక్టుకు మార్కులు వేసే జ్యూరీకి ఏం చూపించాలి?" అని అడిగారు. యాపో, ఫోన్ లైనో, గోడ మీద బోర్డో, ఏదైనా చేయండి. కానీ అందులోకి రోజూ సమాచారం ఎక్కించే మనిషెవరో ముందు తేల్చుకోండి. అలాంటి మనిషి దొరక్కపోతే మీ ప్రాజెక్టు జ్యూరీ రోజు దాకానే బతుకుతుంది.

మేం హైదరాబాద్‌లో ఓ బస్తీ పొదుపు సంఘంతో ఇలాంటిదే చేశాం. ప్రశ్నల పట్టిక పట్టుకుని ఇల్లిల్లూ తిరగకుండా, నెల మొదటి వారంలో రేషన్ షాపు ముందు కూర్చున్నాం. మీరూ అదే చేయండి. చట్టంలో లోటేమీ లేదు. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం కార్డులో ఉన్న మనిషికి నెలకు 5 కిలోల తిండిగింజలు, 2023 జనవరి నుంచి అదీ ఉచితమే. తెలంగాణలో 6 కిలోలు ఇస్తున్నారు, 2025 ఉగాది నుంచి సన్నబియ్యం. లోటంతా కబురు దగ్గరే. ఇవాళ షాపు తెరిచాడా, లోడు దిగిందా, వేలిముద్ర మిషన్ పనిచేస్తోందా? ఇళ్లల్లో పనిచేసుకునే ఆమె ఈ మూడూ తెలుసుకోవాలంటే ఓ పూట పని మానుకుని రావాల్సిందే.

మేం కూర్చున్న రోజు ఓ పెద్దమ్మ బొటనవేలు మిషన్ మీద పెట్టింది. పడలేదు. కొంగుతో తుడుచుకుని పెట్టింది. తలకు రుద్దుకుని, ఆ నూనె చేత్తో మళ్లీ పెట్టింది. ఊహూఁ. గిన్నెలు తోమి తోమి గీతలు అరిగిపోయాయని వెనకున్న ఆమె చెప్పింది. వేలిముద్ర బదులు కంటిపాప చూసే మిషన్ ఉంటుంది కదా, "కంటిది కనెక్ట్ అయితలేదు, సాయంత్రం రా అమ్మా" అన్నాడు డీలరు. సాయంత్రం ఆమెకు ఇంకో ఇంట్లో పని.

ఆ బస్తీలో చాలా ఇళ్లల్లో స్మార్ట్‌ఫోన్ ఒక్కటే, అదీ పిల్లల చేతుల్లో. అందుకే మేం మిస్డ్ కాల్ లైన్ చేశాం. నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే వెనక్కి కాల్ వస్తుంది, ఇవాళ్టి సంగతి వినిపిస్తుంది. అవతలి వైపు పని కూడా చిన్నదే: పొద్దున నీళ్లు పట్టుకోవడానికి వెళ్తూ షాపు మీదుగా నడిచే ఆర్పీ (పొదుపు సంఘాల పనులు చూసే రిసోర్స్ పర్సన్) అక్క ఫోన్లో ఓ అంకె నొక్కుతుంది. తెరిచి ఉంటే ఒకటి, స్టాకు అయిపోతే రెండు, మిషన్ మొరాయిస్తే మూడు. అంతకంటే ఎక్కువ అడిగితే పదో రోజుకు ఎవరూ చేయరు. రికార్డు గొంతు వినగానే జనం లోన్ కంపెనీ అనుకుని కట్ చేస్తారు కాబట్టి ఆ అక్క గొంతే పెట్టాం. ఒకామె ఆ గొంతు పోల్చుకుని, "అక్కా, మా కోడలి పేరు కార్డులో ఎక్కిందా?" అని రికార్డింగునే అడిగింది. జవాబు రాకపోయేసరికి అక్క ఇంటికెళ్లి పోట్లాడింది!

డీలరును శత్రువుని చేసుకోకండి. ఎప్పుడు తెరుస్తావు, ఎంత స్టాకుంది అని కాలేజీ పిల్లలు రాసుకుంటుంటే అతనికి తనిఖీలాగే కనిపిస్తుంది. సంఘం వాళ్లు మాట్లాడాకే మా డీలరు దారికొచ్చాడు. పొద్దున్నుంచి ఉత్త పుణ్యానికి కట్టే క్యూ తగ్గుతుందన్నదే అతనికి నచ్చిన మాట. ఫిర్యాదులు మా లైన్లోకి రానివ్వలేదు. వాటికి 1967 టోల్ ఫ్రీ ఉందని చెప్పి వదిలేశాం.

మేం పెట్టిన సందేశాల్లో ఎక్కువమంది విన్నది శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చిన కూలీల కోసం చేసింది. ఊరి కార్డు మీద ఇక్కడ బియ్యం తీసుకోవచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. నిజానికి వేరే రాష్ట్రంలో రేషన్ తీసుకునే ఏర్పాటు దేశంలో మొదట మొదలైన చోట్లలో ఆంధ్ర, తెలంగాణ జోడీ ఒకటి, 2019 ఆగస్టులో. కొందరు ఇక్కడ తమ వాటా తీసుకుంటే ఊళ్లో ఉన్నవాళ్లు మిగతాది అక్కడ తీసుకోవచ్చు కూడా. కాకపోతే కేంద్రం ఇచ్చే 5 కిలోలకే ఇది వర్తిస్తుంది. రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డులకు కాదు. ఈ తేడా సందేశంలో తప్పకుండా చెప్పండి, లేకపోతే కౌంటరు దగ్గర గొడవ.

కూరగాయల్ని ఇందులో కలపకండి. అది వేరే లెక్క. 1999 నుంచి రైతుబజార్లున్నాయి, ధరల బోర్డు రోజూ రాస్తారు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్లకు టికెట్టు డబ్బులూ లేవు. అక్కడ ఖర్చయ్యేది సమయమే, దాన్ని ఫోన్ లైన్‌తో తగ్గించడం కుదరదు.

మొదలుపెట్టే ముందు వీలైతే జహీరాబాద్ వైపు వెళ్లి రండి. మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మహిళలు 2008 నుంచి 'సంఘం రేడియో' అనే కమ్యూనిటీ రేడియో నడుపుతున్నారు. కెమెరాలు కూడా పట్టి సొంతంగా వీడియోలు తీశారు. అంతకుముందే 1990లలో తమ పొలాల్లో పండిన జొన్నలతో సొంత రేషన్ వ్యవస్థ పెట్టుకున్నారు. ముందు ధాన్యం, తర్వాత రేడియో. మన కాలేజీల్లో ఈ వరస తలకిందులుగా ఉంటుంది.

ఇక చిల్లర విషయాలు. గుంపుగా ఎస్సెమ్మెస్‌లు పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం, పంపేవాళ్ల వివరాలు నమోదు చేసే డీఎల్‌టీ వ్యవస్థలో రిజిస్టర్ కావాలి. విద్యార్థులకు అది తేలే పని కాదు, కాల్ మీదే ఉండండి. ఆధార్, కార్డు నంబర్లు అడగొద్దు, ఫొటోలు తీయొద్దు. పంపిణీ మామూలుగా నెల మొదటి పక్షంలోనే ఉంటుంది, మీ సెమిస్టరు షెడ్యూలు దాన్ని బట్టి వేసుకోండి. సిమ్ మాత్రం మీ పేరు మీద తీసుకోకండి. మీరు ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిన నెలకు రీఛార్జి ఆగిపోతుంది. మేం సంఘం అధ్యక్షురాలి పేరు మీద తీసుకున్నాం. నెల ఖర్చు సంఘం పొదుపు పుస్తకంలో రాసుకుంటారు. 2025 జూన్‌లో మూడు నెలల కోటా ఒకేసారి ఇచ్చి షాపులు కిక్కిరిసినప్పుడు, ఏ గల్లీ ఏ రోజు రావాలో వాళ్లే మాట్లాడుకుని ఆ లైన్లో చెప్పేశారు. అప్పటికి మా బ్యాచ్‌లో ఎవరం ఊళ్లో లేం.

జ్యూరీకి చూపించడానికి స్క్రీన్ లేదే అని భయపడకండి. కాల్ స్పీకర్‌లో పెట్టి వినిపించండి. కుదిరితే ఆర్పీ అక్కనే తీసుకెళ్లండి, ఆ పూట కూలి డబ్బులు ముందే చేతిలో పెట్టి.